రెండు ఐఓఆర్‌లు పెడితే కాల్సైట్ అయిపోదు

నా టేబుల్ మీద రెండు సెంటీమీటర్ల మందం ఉన్న కాల్సైట్ అనే పారదర్శక ఖనిజం ముక్క ఒకటి ఉంది. చూడ్డానికి ఎవరో గాజు ఇటుకను ఒక పక్కకి నెట్టి వదిలేసినట్టు ఏటవాలుగా ఉంటుంది. దాన్ని పేపర్ మీద పెడితే కింద ఉన్న 'క' రెండు 'క'లవుతుంది, తలకట్టు పక్కనే ఇంకో తలకట్టు, రెండూ కాస్త వెలిసిపోయి. ముక్కను కాగితానికి ఆనించే ఉంచి మెల్లగా తిప్పితే ఒక 'క' ఉన్నచోటే ఉంటుంది, రెండోది దాని చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది. డిగ్రీలో ద్వివక్రీభవనం అని చదివి పరీక్ష రాసి మర్చిపోయింది ఇదే. నాకు మళ్లీ గుర్తొచ్చింది మాత్రం నగల బొమ్మలు కంప్యూటర్లో చేసే పనిలో పడ్డాక, ఒక ఆదివారం ఊరికే ఉండలేక ఈ ముక్కనే రెండర్ చేద్దామని, అంటే కంప్యూటర్‌తో వెలుగు లెక్క కట్టించి బొమ్మ తీయిద్దామని కూర్చున్నప్పుడు.

మామూలు త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో గాజుకి ఒక్క అంకె ఇస్తాం, ఐఓఆర్ అని, అంటే వక్రీభవన గుణకం. కిటికీ గాజుకి 1.5, నీళ్లకి 1.33, వజ్రానికి 2.417. 1980లో టర్నర్ విట్టెడ్ అద్దాలూ గాజు గోళాలూ గీసే రే ట్రేసింగ్ పద్ధతి చెప్పినప్పటి నుంచీ కథ ఇంతే: కిరణం గాజుకి తగలగానే ఒకటి వెనక్కి తిరుగుతుంది, ఒకటి స్నెల్ నియమం ప్రకారం వంగి లోపలికి పోతుంది. కాల్సైట్ కోసం పుస్తకం తీస్తే రెండు అంకెలు కనిపిస్తాయి, 1.658, 1.486. అందరూ చేసే పనే నేనూ చేశా. ఒక అంకెతో ఒకసారి, ఇంకో అంకెతో ఇంకోసారి రెండర్ చేసి సగం సగం కలిపేశా. పక్క నుంచి చూస్తే భలే వచ్చింది, అక్షరాలు రెండేసి కనిపించాయి, నా భుజం నేనే తట్టుకున్నా.

తర్వాత కెమెరాని నిట్టనిలువుగా పైకి తెచ్చా. నడిమధ్యన ఒక్కటే 'క'. ముక్కని తిప్పితే ఏదీ తిరగలేదు.

ఎందుకంటే స్నెల్ నియమం ప్రకారం తలానికి లంబంగా వచ్చిన కిరణం ఏ ఐఓఆర్ ఉన్నా వంగదు, నేరుగా పోతుంది. 1.658 అయినా 1.486 అయినా అడుగున ఉన్న అక్షరం కొంచెం ఎక్కువ పైకో తక్కువ పైకో తేలినట్టుంటుంది తప్ప పక్కకి జరగదు. నిజం కాల్సైట్‌లో మాత్రం నేరుగా పడిన వెలుగులో సగం సుమారు 6.2 డిగ్రీలు పక్కకి పోతుంది. సెంటీమీటరుకి 1.1 మిల్లీమీటర్లు, నా ముక్కలో 2.2 మిల్లీమీటర్లు. పేపర్ అక్షరానికి ఆ మాత్రం జరుగుడు చాలా ఎక్కువ. 1669లో డెన్మార్క్‌లో ఎరాస్మస్ బార్తోలిన్ ఐస్‌లాండ్ నుంచి వచ్చిన ఇలాంటి స్ఫటికం గురించే రాశాడు, ఆయన్ని తికమక పెట్టింది కూడా ఈ లంబంగా పడ్డా వంగే కిరణమే. మూడున్నర శతాబ్దాల తర్వాత నేనూ అక్కడే బొక్కబోర్లా పడ్డా.

అసలు లోపల ఏం జరుగుతోంది? కాల్సైట్ అంటే కాల్షియం కార్బొనేట్, సున్నపురాయి సరుకే. అందులో కార్బొనేట్ గుంపులు మూడు మూలల పలకల్లా ఉంటాయి, అన్నీ ఒకేవైపు పరిచి పేర్చినట్టు. వెలుగు అంటే ఊగే విద్యుత్ క్షేత్రం కదా. ఆ ఊపు పలకల వెంబడి ఉంటే ఎలక్ట్రాన్లు బాగా కదులుతాయి, వెలుగు ఎక్కువ నెమ్మదిస్తుంది, గుణకం 1.658. ఊపు పలకలకి అడ్డంగా ఉంటే అంత కదలవు, 1.486. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది, వెలుగు ఎటు ప్రయాణిస్తోంది అన్నది కాదు మొదటి ప్రశ్న, ఎటు ఊగుతోంది అన్నది. పలకలకి లంబంగా ఉండే దిక్కునే ఆప్టిక్ యాక్సిస్ అంటారు. అది స్ఫటికం మధ్యలో గీసిన గీత కాదు, స్ఫటికంలో ఏ చుక్క దగ్గరైనా వర్తించే ఒక దిక్కు.

లోపలికి వచ్చిన వెలుగు రెండు ఊపులుగా చీలుతుంది. ఒకటి ఎప్పుడూ యాక్సిస్‌కి లంబంగానే ఊగుతుంది, కాబట్టి ఎటు పోయినా 1.658, బుద్ధిగా స్నెల్ మాట వింటుంది. దీన్ని సాధారణ కిరణం అంటారు. రెండోదాని ఊపులో యాక్సిస్ వెంబడి కొంత భాగం ఉంటుంది, ఎంత భాగం అన్నది అది పోయే దిక్కుని బట్టి మారుతుంది, అందుకని దాని గుణకం 1.658కీ 1.486కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అదే అసాధారణ కిరణం. అంటే రెండో అంకె అసలు ఒక అంకె కాదు, ఒక చివరి హద్దు. నా ముక్కలో నేరుగా పడిన వెలుగుకి లెక్క కడితే దాదాపు 1.566 వచ్చింది, నేను షేడర్‌లో (వస్తువు మీద వెలుగు ఎలా నడవాలో చెప్పే కోడ్‌లో) పెట్టిన రెండిట్లో ఏదీ కాదు!

అయినా ఇంకో చిక్కు మిగిలే ఉంది. గుణకం ఎంతైనా లంబంగా పడితే వంగకూడదు కదా, మరి ఆ 6.2 డిగ్రీలు ఎక్కడివి? గోదావరి దాటే పడవని చూడండి. ముక్కు ఎదుటి రేవు వైపే ఉంటుంది, పడవ మాత్రం వాలుకి జారుతూ ఎక్కడో కింద ఒడ్డు పడుతుంది. అసాధారణ కిరణంలో అలలు చూసే దిక్కు వేరు, శక్తి పోయే దిక్కు వేరు. అలలు స్నెల్ నియమాన్ని పాటిస్తూనే ఉంటాయి, శక్తి పక్కకి జారుతుంది. మన కంటికి చేరేదీ, రే ట్రేసర్ వెంబడించాల్సిందీ శక్తినే. మామూలు గాజులో ఈ రెండూ ఒకటే కాబట్టి మన సాఫ్ట్‌వేర్లు కిరణానికి ఒక్కటే దిక్కు దాచుకుంటాయి. కాల్సైట్ కోసం రెండు దాచుకోవాలి.

దీన్ని బొమ్మగా చూపించింది డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్. 1690లో అచ్చయిన తన పుస్తకంలో స్ఫటికం లోపల ఒక చుక్క నుంచి రెండు అలలు బయల్దేరతాయన్నాడు, ఒకటి బంతిలా గుండ్రంగా, రెండోది తీపి గుమ్మడికాయలా పైనా కిందా నొక్కినట్టు. గుమ్మడికాయ తొడిమ ఉన్న దిక్కు ఆప్టిక్ యాక్సిస్ అనుకోండి. బంతి లోపల ఉంటుంది, తొడిమ దగ్గరా అడుగునా మాత్రం గుమ్మడికాయని తాకుతుంది. అందుకే యాక్సిస్ వెంబడి చూస్తే రెండు బొమ్మలుండవు, ఒకటే.

కోడ్‌లోకి వస్తే అంత భయపడాల్సిందేం లేదు. వస్తువుకి మూడు విషయాలు ఇవ్వాలి: సాధారణ గుణకం, అసాధారణ హద్దు, యాక్సిస్ దిక్కు. అల దిక్కుని గుణకమంత పొడవున్న బాణంగా అనుకుంటే, కిరణం తలానికి తగిలినప్పుడు ఆ బాణంలో తలం వెంబడి ఉన్న భాగం లోపలికి పోయినా మారదు, స్నెల్ నియమం సారం అంతే. మిగిలింది లోతు వైపు భాగం ఎంత అన్నది ఒక్కటే. అసాధారణ అల పాటించాల్సిన షరతు ఇలా ఉంటుంది: యాక్సిస్ వెంబడి భాగం వర్గాన్ని 1.658 వర్గంతో, యాక్సిస్‌కి లంబంగా ఉన్న భాగం వర్గాన్ని 1.486 వర్గంతో భాగించి కూడితే ఒకటి రావాలి. ఒక్క వర్గ సమీకరణం, పదో తరగతి లెక్క. అల దిక్కు దొరికాక అందులో అవే రెండు భాగాల్ని విడివిడిగా అవే రెండు వర్గాలతో భాగించి మళ్లీ కలిపితే శక్తి పోయే దిక్కు వచ్చేస్తుంది. సమీకరణానికి రెండు మూలాలొస్తాయి, ఒకటి లోపలికి పోయేది, ఒకటి బయటికి. ఏది లోపలికో తేల్చేటప్పుడు అల దిక్కు కాదు, శక్తి దిక్కు చూడాలి. అల లోపలికి చూస్తూ శక్తి బయటికి జారే కోణాలు కొన్ని ఉంటాయి, అక్కడ తప్పు మూలం ఎంచుకుంటే బొమ్మలో నల్ల మచ్చలు పడతాయి.

నేను చేసిన తప్పు ఇంతకన్నా చిన్నది, ఇంతకన్నా సిగ్గుచేటు. యాక్సిస్ దిక్కుని సీన్ కొలతల్లో రాసేశా, వస్తువు కొలతల్లో కాకుండా. స్ఫటికం తిరుగుతోంది, దాని యాక్సిస్ మాత్రం ధ్రువనక్షత్రంలా ఒకేచోట నిలబడి ఉంది. పైనుంచి చూస్తే రెండు 'క'లు వచ్చాయి సరే, గానుగెద్దు మాత్రం కదల్లేదు. ఒక సాయంత్రం మొత్తం సమీకరణాన్ని అనుమానించి పొద్దుపోయాక ఆ ఒక్క లైను చూసుకున్నా.

ఇంతవరకూ జామెట్రీ. అసలు పీకులాట ధ్రువణం దగ్గర, అంటే వెలుగు ఒకే దిక్కులో ఊగడం దగ్గర మొదలవుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేసి, రెండు కిరణాలకీ చెరి సగం వెలుగు పంచేస్తారు. ఒక ముక్క, కాగితం, మామూలు గది వెలుతురు ఉన్నంతవరకు అది దాదాపు సరిగ్గానే ఉంటుంది. అబద్ధం బయటపెట్టాలంటే ఆ ముక్క మీద అంతే మందం ఉన్న ఇంకో ముక్క పెట్టండి. రెండూ ఒకే వరసలో ఉంటే రెండే అక్షరాలు, మధ్య దూరం మాత్రం రెట్టింపు. పై ముక్కని తిప్పడం మొదలెట్టగానే రెండు కాస్తా నాలుగవుతాయి, 45 డిగ్రీల దగ్గర నాలుగూ సమానంగా ఉంటాయి, 90 దగ్గరికి రాగానే రెండు మాయమై మళ్లీ రెండే మిగులుతాయి, 180 దగ్గర రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటైపోతాయి. చెరి సగం పంచే రెండరర్ 45, 135 డిగ్రీల దగ్గర తప్ప ఇంకెక్కడా దీన్ని సరిగ్గా గీయలేదు. సున్నా దగ్గర నాలుగు బొమ్మలు గీస్తుంది, ఉండాల్సింది రెండైతే. హైగెన్స్ కూడా ఈ రెండు ముక్కల ఆట చూశాడు, చూసి దీనికి తృప్తికరమైన కారణం తనకి దొరకలేదని ఒప్పుకున్నాడు. ఆయన దగ్గర గుమ్మడికాయ ఉంది కానీ ఊపుకి ఒక దిక్కుంటుందన్న ఆలోచన ఇంకా పుట్టలేదు.

మొదటి ముక్కలోంచి బయటికొచ్చిన రెండు కిరణాలూ ఒక్కోటి ఒక్కో దిక్కులో మాత్రమే ఊగుతున్నాయి. రెండో ముక్కకి తగిలినప్పుడు ఎంత వెలుగు ఎటు పోవాలన్నది ఆ దిక్కుకీ రెండో ముక్క యాక్సిస్‌కీ మధ్య కోణాన్ని బట్టి కొసైన్ వర్గం, సైన్ వర్గం లెక్కన తేలుతుంది. ఇది మాలుస్ నియమం. ఆ మాలుస్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1808లో పారిస్‌లో లక్సెంబర్గ్ భవనం కిటికీ అద్దాల్లో పడుతున్న అస్తమయ సూర్యుణ్ని కాల్సైట్‌లోంచి చూస్తే, ముక్కను తిప్పేకొద్దీ రెండు బొమ్మల వెలుగు హెచ్చుతగ్గులవుతూ కనిపించింది. అంటే స్ఫటికమే కాదు, మామూలు అద్దం మీద పరావర్తనం కూడా వెలుగుని ధ్రువణం చేస్తుందన్నమాట. రెండరింగ్‌కి ఇది చేదు వార్త. స్ఫటికం ఒక్కదానికే ధ్రువణం లెక్క పెట్టి ఊరుకోలేం. వెనకాల ఉన్న కిటికీ, నీళ్లు, పాలిష్ బండలు, ఆకాశం నీలం కూడా ఎంతోకొంత ధ్రువణమైన వెలుగునే పంపుతాయి. సీన్ మొత్తం ఆ భాష మాట్లాడాలి.

ఇంట్లోనే చూడాలంటే ఎల్‌సీడీ లాప్‌టాప్ స్క్రీన్ చాలు. తెల్ల పేజీ మీద ఒక అక్షరం పెద్దగా టైప్ చేసి దాని మీద కాల్సైట్ ఆనించి తిప్పండి, ఒకచోట ఒక బొమ్మ పూర్తిగా ఆరిపోతుంది, ఇంకో 90 డిగ్రీలు తిప్పితే అది వెలిగి రెండోది ఆరిపోతుంది. స్క్రీన్ లోంచి వచ్చేది ముందే ధ్రువణమైన వెలుగు కాబట్టి. మా పక్కింటి అబ్బాయికి ఇది చూపించాక వాడు గంటసేపు ఆ ముక్క నాకివ్వలేదు.

లెక్క కోసం ప్రతి కిరణానికీ ఒక్క వెలుగు అంకె బదులు నాలుగు అంకెలు మోయాలి. 1852లో స్టోక్స్ చెప్పినవే: మొత్తం వెలుగెంత, అడ్డంగా ఊగేది నిలువుగా ఊగేదానికన్నా ఎంత ఎక్కువ, రెండు ఐమూలల మధ్య తేడా ఎంత, గుండ్రంగా తిరిగేది ఎంత. కిరణం ఒక తలాన్ని తాకిన ప్రతిసారీ ఈ నాలుగింటినీ పదహారు అంకెల మ్యూలర్ మాత్రికతో గుణించాలి. అడ్డం, నిలువు అన్నవి దేనితో పోల్చి అన్నది కూడా కిరణంతో పాటే మోసుకెళ్లాలి, తలం మారిన ప్రతిసారీ ఆ కొలతబద్దని తిప్పుకోవాలి, మరిచామా, బొమ్మ చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ తప్పుగా ఉంటుంది, అంతకన్నా చెడ్డ తప్పు లేదు. పైగా పాత్ ట్రేసర్ (ఒక్కో కిరణం దారిని వెంబడించి బొమ్మ గీసే ప్రోగ్రాం) కెమెరా నుంచి దీపం వైపు వెనక్కి నడుస్తుంది, వెలుగు దీపం నుంచి కెమెరాకి వస్తుంది. మామూలు అంకెలైతే ఏ వరసలో గుణించినా ఒకటే, మాత్రికలు అలా కాదు. వరస తిరగబడితే ఫలితమూ తిరగబడుతుంది.

సరిహద్దు దగ్గర ఎంత వెలుగు వెనక్కి, ఎంత లోపలికి అన్నది కూడా మామూలు ఫ్రెనెల్ సూత్రాలతో రాదు. బయటికి తిరిగే రెండు ఊపులు, లోపలికి పోయే సాధారణ, అసాధారణ కిరణాలు, మొత్తం నాలుగు తెలియనివి, నాలుగు సమీకరణాలు ఒకేసారి సాధించాలి. లోపలి నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇంకో తమాషా: లోపలి గోడకి తగిలిన సాధారణ కిరణం తిరిగొచ్చేటప్పుడు మళ్లీ రెండుగా చీలొచ్చు, అసాధారణ కిరణం పడ్డ కోణంలోనే తిరిగి రావాలన్న రూలూ లేదు. ఒకటి సంపూర్ణాంతర పరావర్తనం పొందుతుంటే రెండోది అదే గోడలోంచి హాయిగా బయటికి పోవచ్చు. 1828లో విలియం నికోల్ కాల్సైట్‌ని కోసి మళ్లీ అతికించి ధ్రువణకారి పట్టకం చేసింది దీన్ని వాడుకునే. అతికించిన కెనడా బాల్సమ్ అనే జిగురు గుణకం 1.55 దగ్గర, రెండు అంకెల మధ్య.

చీలిక ప్రతి తాకుడుకీ రెట్టింపవుతుంది కదా, నగలో రాయికి పది తాకుళ్లు మామూలు, పదికి 1024 కిరణాలు. విట్టెడ్ పద్ధతిలో అన్నిటినీ వెంబడిస్తే తెల్లారిపోతుంది. పాత్ ట్రేసర్లో బొమ్మా బొరుసూ వేసినట్టు ఒకదాన్నే ఎంచుకుని, ఎంచుకునే అవకాశంతో దాని బరువుని భాగిస్తాం. గింజలు గింజలుగా నాయిస్ పెరుగుతుంది, ఓపిక ఉంటే తగ్గుతుంది.

ఇదంతా నేను కనిపెట్టిందేం కాదు. 1994లోనే టానెన్‌బామ్, ఆయన సహచరులు ధ్రువణం, ద్వివక్రీభవనం రెండూ కలిపి రెండరింగ్‌లోకి తెచ్చారు. 2008లో వైడ్లిష్, విల్కీ ఒకే యాక్సిస్ ఉన్న స్ఫటికాలకి పూర్తి లెక్క ఇచ్చారు. అభ్రకం, పెరిడాట్ లాంటి వాటికి రెండు యాక్సిస్‌లు, అక్కడ సాధారణ కిరణమే ఉండదు, రెండూ అసాధారణమే, వర్గ సమీకరణం కాస్తా నాలుగో ఘాతం అవుతుంది. ఆ జోలికి నేనింకా పోలేదు.

ఇంత చదివాక అడగాల్సిన ప్రశ్న, ఇది మనకి నిజంగా అవసరమా? నవరత్నాలు పట్టుకుని చూద్దాం. వజ్రం క్యూబిక్ (ఘనాకార అమరిక ఉన్న) స్ఫటికం, అన్ని దిక్కులా ఒకేలా ఉంటుంది, కృష్ణ ఒడ్డున కొల్లూరులో తవ్వినదైనా ఫ్యాక్టరీలో పెంచినదైనా ఒక్క ఐఓఆర్ చాలు. గోమేధికం గార్నెట్ జాతి, అదీ అంతే. కెంపు, నీలం, మన షాపుల్లో పుష్యరాగం పేరుతో అమ్మే పసుపు నీలం, మూడూ ఒకే ఖనిజం, రెండు గుణకాల మధ్య తేడా 0.008. ఐదు మిల్లీమీటర్ల కెంపులో కిరణం ఒకసారి దాటితే చీలిక మహా అయితే 0.02 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది, వెంట్రుక మందం కూడా కాదు. పచ్చలో ఇంకా తక్కువ, వైడూర్యంలో కాస్త అటూఇటూ అంతే. ముత్యంలో అరగొనైట్ ఉంటుంది, దాని తేడా కాల్సైట్‌కి దగ్గర్లో 0.155, కానీ ముత్యం లోంచి ఏ అక్షరమూ కనపడదు కాబట్టి ఆ గొప్ప మనకి పనికిరాదు. పగడమూ అంతే.

కాబట్టి కెంపు రెండర్ చేస్తున్నవాళ్లు రెండు బొమ్మల గురించి టెన్షన్ పడొద్దు. పట్టించుకోవాల్సింది రంగు. సాధారణ, అసాధారణ కిరణాల్ని కెంపు వేరువేరుగా పీల్చుకుంటుంది, ఒక దిక్కులో ఊదా కలిసిన ఎరుపు, ఇంకో దిక్కులో నారింజ కలిసిన ఎరుపు. రాయిని తిప్పితే కనపడే ప్రాణం అదే, ఒక్క ఎరుపు రంగు పెట్టి వదిలేసిన రెండర్లు జెల్లీ ముక్కల్లా ఉండటానికి నా లెక్కలో ఇదో పెద్ద కారణం.

చీలిక నిజంగా కనపడే రాళ్లు వేరే ఉన్నాయి. మొయిసనైట్ తేడా దాదాపు 0.043, వజ్రం అని చెప్పి మొయిసనైట్ అంటగడుతున్నారా అని చూసేవాళ్లు పది రెట్ల భూతద్దంతో పక్క ముఖాల్లోంచి వెనక అంచులు జంటగా కనిపిస్తున్నాయా అని వెతుకుతారు. నేరుగా పైనుంచి చూస్తే దొరకదు, మామూలుగా యాక్సిస్ పైకి ఉండేట్టే సానబడతారు. జిర్కాన్‌లో ఇంకా ఎక్కువ, 0.059 దాకా, ఐదు మిల్లీమీటర్లకి 0.15 మిల్లీమీటర్ల చీలిక, క్లోజప్‌లో అంచులన్నీ జంట గీతలే.

నా షేడర్‌కి మొదటి జీతపు పని దొరికింది దీంతోనే. ఒక నగల షాపువాళ్లు జిర్కాన్ లాకెట్ బొమ్మలు కావాలన్నారు. రెండు గుణకాలు, యాక్సిస్, ధ్రువణం, అన్నీ పెట్టి రెండు రాత్రులు కంప్యూటర్ని కాల్చి పంపించా. "సార్, వెనకాల అంచులు షేక్ అయినట్టున్నాయి, ఫోకస్ సరిచెయ్యండి" అని మెసేజ్. జిర్కాన్ అలాగే ఉంటుందండీ అని ఒక పేజీ వివరణ రాశా. వాళ్లు మారుమాట లేకుండా రాయి ఫోటో పెట్టారు, భూతద్దంలోంచి తీసింది. అంచులు బ్లేడుతో గీసినట్టు ఒక్కొక్కటే ఉన్నాయి. మన బజారులో జిర్కాన్ అంటే క్యూబిక్ జిర్కోనియా, ఫ్యాక్టరీలో చేసిన క్యూబిక్ స్ఫటికం, ఖనిజం జిర్కాన్‌కి పేరు పోలిక తప్ప లోపలి అమరికలో పోలిక లేదు. మామూలు గాజు షేడర్ తీసి 2.16 కొట్టా, పావుగంటలో బొమ్మ వచ్చేసింది.